జీతం లేని లీడర్, వెనక్కి తిప్పే అధికారం

అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రంలో మౌంట్ హుడ్ అనే మంచుకొండ ఉంది. ఎత్తు 3,429 మీటర్లు. మే నెలలో ఏ శనివారం అర్ధరాత్రి అయినా దాని కింద టింబర్‌లైన్ లాడ్జి పార్కింగ్‌కి వెళ్తే, హెడ్‌ల్యాంపులు పెట్టుకుని పది పన్నెండు మంది గుంపులుగా నిలబడి కనిపిస్తారు. ప్రతి గుంపులోనూ ఒకరు కాగితం చూసి పేర్లు పిలుస్తుంటారు. బూట్లకు క్రాంపాన్లు, అంటే మంచు మీద జారకుండా కట్టుకునే ఇనుప ముళ్లు, సరిగ్గా బిగిశాయో లేదో ఒక్కొక్కరి దగ్గరా వంగి చూస్తుంటారు. సోమవారం పొద్దున ఆ మనిషి మళ్లీ స్కూలుకో, ఆస్పత్రికో, సాఫ్ట్‌వేర్ కంపెనీకో వెళ్లిపోతారు. ఈ రాత్రి పనికి ఎవరూ పైసా ఇవ్వరు. కార్లలో వచ్చినవాళ్లు పెట్రోలు ఖర్చు పంచుకుంటారు, అంతే.

డబ్బు తీసుకోని మనిషి చేతిలో పదిమంది ప్రాణాలు పెట్టడం వినడానికి కాస్త విడ్డూరంగానే ఉంటుంది. కానీ ఈ పద్ధతి వందేళ్లకు పైగా నడుస్తోంది. మజామాస్ అనే క్లబ్బు పుట్టిందే హుడ్ శిఖరం మీద. 1894 జులై 19న నూట యాభై మందికి పైగా పైకి చేరుకుని, అక్కడే సంఘం పెట్టుకున్నారు. సియాటెల్‌లో ది మౌంటెనీర్స్ 1906లో, డెన్వర్‌లో కొలరాడో మౌంటెన్ క్లబ్ 1912లో వచ్చాయి. ఇవన్నీ రాకముందే, 1892లో, జాన్ మ్యూర్ అధ్యక్షుడిగా సియెర్రా క్లబ్ కాలిఫోర్నియాలో మొదలైంది. 1901 నుంచి ఏటా వేసవిలో సభ్యులను పెద్ద పెద్ద గుంపులుగా సియెర్రా నెవాడా కొండల్లోకి తీసుకెళ్లింది. ఆ యాత్రలను దాదాపు మూడు దశాబ్దాలు నడిపించిన విలియం కోల్బీ వృత్తిరీత్యా లాయరు.

అప్పట్లో లీడర్ అంటే ఎక్కువగా ఏర్పాట్లు చూసే మనిషే. గాడిదలు, వంటవాళ్లు, గుడారాలు, ఎవరు ఎక్కడ పడుకోవాలి, ఇవే ప్రధానమైన చిక్కులు. 1930లలో తాడు వచ్చి లెక్క మారింది. 1931లో రాబర్ట్ అండర్‌హిల్ అనే పర్వతారోహకుడు ఆల్ప్స్‌లో వాడే తాడు పద్ధతులను సియెర్రా క్లబ్ కుర్రాళ్లకు నేర్పాడు. ఆ ఆగస్టులోనే ఆయన, మరో ముగ్గురు కలిసి కాలిఫోర్నియాలోని మౌంట్ విట్నీ తూర్పు ముఖం ఎక్కేశారు. సియాటెల్‌లో వుల్ఫ్ బావర్ అనే యువకుడు 1935 ప్రాంతంలో క్లబ్బు సభ్యులకు క్రమపద్ధతిలో క్లాసులు మొదలుపెట్టాడు. జర్మన్ భాష తెలిసినవాడు కావడంతో యూరప్ పుస్తకాలు తెప్పించుకుని చదివి, వారం వారం పాఠం చెప్పేవాడని అంటారు. ఇలా నేర్చుకున్నవాళ్లే తర్వాతి ఏడాది నేర్పేవాళ్లయ్యారు. వాలంటీర్ లీడర్ అనే వ్యవస్థ నిజంగా రూపం కట్టింది అప్పుడే. ఎక్కడం తెలిస్తే చాలదు, తనకంటే తక్కువ తెలిసినవాళ్లను ఎక్కించి దించడం తెలియాలి అన్నది ఆ రోజుల్లోనే ఖాయమైంది.

ఈ రెండూ వేర్వేరు విద్యలు. బాగా ఎక్కగలిగిన మనిషి మంచి లీడర్ అవుతాడన్న గ్యారంటీ ఏమీ లేదు. చాలాసార్లు కాడు కూడా. బలమైనవాడికి బలహీనుల అలసట కనిపించదు.

అందుకే క్లబ్బులు కొండలకూ మెట్లు కట్టాయి, లీడర్లకూ మెట్లు కట్టాయి. 1937లో సియెర్రా క్లబ్ వాడుకలోకి తెచ్చిన వర్గీకరణలో ఒకటో తరగతి అంటే మామూలు నడక. రెండులో అక్కడక్కడా చేతులు ఆనించాలి. మూడులో చేతులతో పట్టుకుని ఎక్కాలి. నాలుగులో పడితే ప్రాణం పోవచ్చు, చాలామందికి తాడు కావాలి. ఐదు అంటే అచ్చంగా రాతి ఆరోహణ. ఆ తర్వాత లాస్ ఏంజెలెస్ శాఖ లీడర్లకు కూడా “ఓ” (O), “ఐ” (I), “ఎమ్” (M), “ఈ” (E) అని నాలుగు స్థాయిలు పెట్టింది. “ఓ” స్థాయి లీడర్ కాలిబాట మీద నడిపించవచ్చు. “ఈ” స్థాయి కావాలంటే ప్రథమ చికిత్స, మ్యాపు-దిక్సూచితో దారి కనుక్కోవడం, మంచు మీద జారితే ఐస్ యాక్స్‌తో (మంచు గొడ్డలితో) ఆగడం, తాడు వేయడం, అన్నిట్లోనూ పరీక్ష పాసవ్వాలి. ఆపైన ఒక ట్రిప్పును పరీక్షకుడి ఎదుట నడిపి చూపించాలి. పరీక్షకుడు రోజంతా గుంపులో ఒకడిగా నడుస్తాడు. ప్రమాదం ముంచుకొస్తే తప్ప నోరు విప్పడు. ఎంత స్థాయి ఉన్నా ఒంటరిగా నడిపించడానికి వీల్లేదు, తోడుగా అసిస్టెంట్ లీడర్ ఉండి తీరాలి. లీడర్‌కే కాలు విరిగితే ఎలా అన్న ప్రశ్నకు జవాబు ముందే సిద్ధంగా ఉండాలి కదా.

ఇంత చదువూ కొండ మీద పనికొచ్చేదే. అయినా లీడర్ చేసే అసలు పని చాలావరకు వారం పది రోజుల ముందే, ఇంట్లో కూర్చుని మెయిల్స్‌కు జవాబులు రాస్తున్నప్పుడు జరిగిపోతుంది. ట్రిప్పు ప్రకటించగానే పాతికమంది పేర్లిస్తారు. చాలా అరణ్య ప్రాంతాల్లో గుంపు పన్నెండు, పదిహేను మందికి మించకూడదని ప్రభుత్వ నియమం ఉంది. అంటే కొందరిని ఎలాగూ వద్దనాలి. ఎవరిని వద్దనాలో తేల్చడానికి లీడర్ అడిగే ప్రశ్నలు చాలా మామూలుగా ఉంటాయి. ఈ మూడు నెలల్లో ఎక్కినవేంటి? ఎంత ఎత్తు ఎక్కారు, ఎన్ని గంటలు పట్టింది? మూడు వేల మీటర్ల పైన ఎప్పుడైనా రాత్రి పడుకున్నారా? తలనొప్పి వచ్చిందా? కొత్త బూట్లా, పాతవా?

జవాబులో ఉన్నదానికంటే లేనిదాన్ని చూస్తారు అనుభవజ్ఞులు. “నేను బాగా ఫిట్, రోజూ జిమ్‌కి వెళ్తా” అని రాసి కొండ పేరు ఒక్కటీ రాయనివాళ్ల గురించి లీడర్లకు టెన్షన్. “పోయిన నెల ఫలానా కొండ సగం దాకా వెళ్లాను, గాలి ఎక్కువైతే తిరిగొచ్చేశాను” అని రాసినవాళ్లకు సీటు దొరకడం తేలిక. వద్దని చెప్పడం ఎవరికీ ఇష్టం ఉండదు. అడిగినవాళ్లు స్నేహితులే అయితే మరీ ఇబ్బంది. అక్కడే క్లబ్బు అక్కరకొస్తుంది. “మీరు వద్దు” అనాల్సిన చోట “ఈ తరగతి ట్రిప్పుకు మంచు పాఠం పూర్తయి ఉండాలని క్లబ్ రూలు” అంటే సరిపోతుంది. నిబంధనల పుస్తకం మందంగా ఉందని సభ్యులు విసుక్కుంటారు గానీ, లీడర్ మొహమాటాన్ని మోసేది ఆ పుస్తకమే.

కొండ మీదికి వచ్చాక చేసేవి చిన్న చిన్న పనులు. మొదటి గంట కావాలనే నెమ్మదిగా నడిపిస్తారు. ఓ అరగంటకు ఆగి, చెమట పట్టేలోపే స్వెటర్లు విప్పమంటారు. దారి చీలిన ప్రతిచోటా అందరూ వచ్చేదాకా కదలరు. అసిస్టెంట్ చివరన నడుస్తూ, ఆఖరి మనిషి వెనక ఎవరూ మిగల్లేదని చూసుకుంటాడు. ముందున్నవాళ్లు పది నిమిషాలు విశ్రాంతి తీసుకుని, చివరివాళ్లు ఆయాసపడుతూ రాగానే బయల్దేరడం కొత్త లీడర్లు చేసే మామూలు పొరపాటు. అలా చేస్తే అందరికంటే ఎక్కువ విశ్రాంతి అవసరమైనవాళ్లకు అసలే దొరకదు.

ఎత్తు సంగతి వేరు. మౌంట్ విట్నీ ఎత్తు 4,421 మీటర్లు. అక్కడ ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్, సముద్రమట్టం దగ్గర అందేదానిలో సుమారు అరవై శాతం. లాస్ ఏంజెలెస్ నుంచి శుక్రవారం సాయంత్రం ఆఫీసు అయ్యాక బయల్దేరి, శనివారం తెల్లవారుజామున 2,550 మీటర్ల దగ్గర నడక మొదలుపెట్టే మనిషికి శరీరం అలవాటు పడే టైమే ఉండదు. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు అయిదు వందల మీటర్ల కంటే పెంచకూడదని వైద్యులు చెబుతారు. వారాంతపు ట్రిప్పుల్లో ఆ సూత్రం నిలవదు. అందుకని లీడర్ కళ్లతో కనిపెట్టాలి. ఎవరైనా మాటలు తగ్గించేస్తే, తినడానికి పెట్టింది పక్కన పెట్టేస్తే, రాళ్ల మీద అడుగు తడబడితే ఆపి, ఒక అడుగు మడమకు ఇంకో అడుగు వేళ్లు తగిలేలా గీత మీద నడిచినట్టు నడవమంటారు. నడవలేకపోయారంటే మెదడులో వాపు మొదలై ఉండవచ్చు. ఇక చర్చ లేదు, కిందికి దిగడమే మందు. ఒక్కరినే పంపించకూడదు, తోడు కావాలి. తోడు వెళ్లే మనిషి ఎవరు? వాళ్ల శిఖరం పోయినట్టేగా? మంచి లీడర్ ఈ ప్రశ్న బయల్దేరే ముందే పార్కింగ్‌లో అడుగుతారు. అక్కడ చేతులెత్తినవాళ్లకు పైన గొణుక్కునే వీలుండదు.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం. జీతం తీసుకునే గైడ్‌కు శిక్షణ ఎక్కువ, అనుభవం ఎక్కువ, ఒకే కొండ ఎన్నోసార్లు ఎక్కి ఉంటాడు. అంతర్జాతీయ గైడ్ల సమాఖ్య గుర్తింపు రావడానికి ఏళ్లు పడుతుంది. సాంకేతికంగా చూస్తే వాలంటీర్‌కు, ఆ గైడ్‌కు పోలికే లేదు. కానీ క్లయింటు ఇచ్చిన డబ్బు కూడా గైడ్‌తో పాటే కొండెక్కుతుంది. 1996 మే 10న ఎవరెస్టు మీద జరిగింది అందరూ ఎరిగినదే. రాబ్ హాల్ న్యూజిలాండ్‌కు చెందిన పేరున్న గైడ్. తలా 65,000 డాలర్ల దాకా తీసుకున్నాడు. మధ్యాహ్నం రెండు దాటితే ఎక్కడున్నా తిరిగిరావాలని చెప్పినవాడు. ముందటి ఏడాది శిఖరానికి దగ్గర్లోంచి వెనక్కి తిప్పేసిన క్లయింటునే ఈసారి నాలుగు దాకా ఆగి మరీ ఎక్కించాడు. తుపాను వచ్చింది. ఇద్దరూ తిరిగి రాలేదు.

దీన్నిబట్టి డబ్బు తీసుకోనివాడు సులువుగా వెనక్కి తిరుగుతాడని అనుకుంటే పప్పులో కాలేసినట్టే. 1986 మే 12న ఇదే హుడ్ మీద పోర్ట్‌లాండ్‌కు చెందిన ఓ స్కూలు బృందాన్ని నడిపించింది ఒక చర్చి ఫాదర్, ఆ స్కూలు ఉపాధ్యాయుడే. కొండ ఆయనకు కొత్త కాదు. పిల్లలెవరూ ఆయన క్లయింట్లు కాదు. ఆ ఆరోహణ స్కూలు కార్యక్రమంలో భాగం. అర్ధరాత్రి దాటాక బయల్దేరినవాళ్లలో కొందరు మధ్యలోనే వెనుదిరిగారు. మిగిలిన 13 మంది మధ్యాహ్నం గడిచిపోయేదాకా పైకే వెళ్లారు. శిఖరానికి కాస్త కింద, తుపానులో, చివరికి వెనక్కి తిరిగారు. దారి కనపడక మంచులో గుహ తవ్వుకుని ఇరుక్కుని కూర్చున్నారు. మర్నాడు ఇద్దరు సాయం కోసం నడిచి బయటపడగలిగారు. గుహ దొరికింది మే 15న. మొత్తం తొమ్మిది మంది చనిపోయారు, వాళ్లలో ఏడుగురు విద్యార్థులు.

ఆ ఫాదర్‌కు డబ్బు ఆశ లేదు. మరి ఏది పైకి లాగింది? ప్రతి ఏటా చేసే ఆరోహణ, ఇంత దూరం వచ్చేశాం అనే లెక్క, పెద్దాయన ఉన్నారు కదా అని అడగకుండా నడిచే పిల్లలు. ఇయాన్ మెకామన్ అనే పరిశోధకుడు అమెరికాలో మంచుచరియలు విరిగిపడిన 700కు పైగా ప్రమాదాల రికార్డులు పరిశీలించి, ఇలాంటి ఉచ్చులనే వరుసగా చూపించాడు. తెలిసిన చోటు కాబట్టి ధీమా. అనుకున్నది వదలలేకపోవడం. తోటివాళ్ల మెప్పు. అనుభవజ్ఞుడు ఒకరుంటే మిగతావాళ్లు ఆలోచించడం మానేయడం. వీటిలో ఏదీ డబ్బుతో పుట్టేది కాదు.

వాలంటీర్‌కు ప్రత్యేకంగా ఇంకో ఉచ్చు ఉంది. దాని గురించి క్లబ్బుల్లో బాహాటంగా పెద్దగా మాట్లాడుకోరు. ఆయనకు అందే జీతం శిఖరమే. సియెర్రా క్లబ్‌లోని ఒక విభాగానికి దాదాపు 250 శిఖరాల జాబితా ఉంది. ఇన్ని ఎక్కితే ఈ బ్యాడ్జి, అన్నీ ఎక్కితే ఆ బ్యాడ్జి. ఇంకో విభాగం పేరు హండ్రెడ్ పీక్స్. పేరుకే వంద, జాబితాలో ఉన్నవి ఎప్పుడో రెండు వందలు దాటాయి. కొలరాడోలో పద్నాలుగు వేల అడుగులు దాటిన యాభై పైచిలుకు శిఖరాలన్నీ పూర్తి చేయడం ఒక జీవితకాలపు పందెం. జాబితాలో తనకు ఇంకా టిక్ పడని కొండకు ట్రిప్పు ప్రకటించి, ఆ ట్రిప్పుకు తానే లీడర్‌గా వెళ్లే మనిషి ఉన్నాడనుకోండి. పదకొండున్నరకు పడమటి వైపు మబ్బు కమ్ముతోంది. కొలరాడోలో వేసవి మధ్యాహ్నాలు పిడుగులు పడతాయి, పన్నెండులోపు శిఖరం దిగేసి ఉండాలన్నది అక్కడి పిల్లలకు కూడా తెలిసిన నియమం. ఇంకో నలభై నిమిషాల్లో పైన ఉంటారు. ఈ లీడర్ చూస్తున్నది మబ్బునా, జాబితానా? తాను ముందే ఎక్కేసిన కొండకు మాత్రమే ఇతరులను తీసుకెళ్లాలని కొందరు పాత లీడర్లు తమకు తాము పెట్టుకున్న నియమం వెనక ఉన్నది ఇదే. దారి తెలుస్తుందన్నది పైకి చెప్పే కారణం. శిఖరం మీద ఆశ ఉండదన్నది అసలు లాభం.

ఇక చట్టం. అమెరికాలో ఏం జరిగినా కోర్టుకెక్కే అలవాటు ఉంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. కొండ ఎక్కే ముందు ప్రతి ఒక్కరూ ప్రమాదం సంగతి తెలుసని సంతకం పెడతారు. లాభాపేక్ష లేని సంస్థల వాలంటీర్లు మామూలు పొరపాటు చేస్తే వ్యక్తిగతంగా నష్టపరిహారం కట్టక్కర్లేదని 1997లో కేంద్ర చట్టం వచ్చింది. ఘోరమైన నిర్లక్ష్యానికి ఆ రక్షణ లేదు. సంస్థకూ లేదు. అంటే భారం ఇన్సూరెన్స్ మీద పడుతుంది. ఆ చట్టానికి ముందే, పర్వతారోహణకు ఇన్సూరెన్స్ దొరకడం గగనమై, 1988లో సియెర్రా క్లబ్ తాళ్లు, ఐస్ యాక్స్ వాడాల్సిన ట్రిప్పులను ఆపేసింది. అమెరికా పర్వతారోహణకు ఓనమాలు దిద్దించిన సంస్థే తాడు పక్కన పెట్టేసింది. కొన్నేళ్లకు కట్టుదిట్టమైన షరతులతో కొన్నింటిని మళ్లీ అనుమతించారు. ఈలోగా చాలామంది లీడర్లు వేరే క్లబ్బులకు వెళ్లిపోయారు, కొందరు మానేశారు. బాగా నేర్చుకున్న ఒక తరం అలా చెదిరిపోవడం వల్ల కలిగిన నష్టం ఏ ప్రీమియం లెక్కలోకీ రాదు.

ఈ కోర్టు, ఇన్సూరెన్స్ గొడవకు మందుగా కొందరు ఎంచుకున్న దారి, లీడరే లేడనడం. “అందరం సమానం, ఎవరి బాధ్యత వాళ్లది” అని రాసుకుని ఇంటర్నెట్‌లో కలుసుకుని వెళ్లే గుంపులు ఇప్పుడు బోలెడు. కాగితం మీద బాగానే ఉంటుంది. నిజానికి పదిమంది కొండెక్కితే ముందు నడిచేవాడు ఒకడు తయారవుతాడు, మిగతావాళ్లు అతని వెనకే వెళ్తారు. తేడా ఏంటంటే అతన్ని ఎవరూ పరీక్షించలేదు, వెనక్కి తిరుగుదామని చెప్పే అధికారం అతనికి ఎవరూ ఇవ్వలేదు.

మన దగ్గరి పరిస్థితి ఈ చివరి రకానికి దగ్గరగా ఉంది. అలాగని ఇక్కడ సంప్రదాయం లేదని కాదు. బెంగాల్, మహారాష్ట్రల్లో జీతం లేని లీడర్లే హిమాలయ యాత్రలు నడిపిస్తారు. పుణెకు చెందిన గిరిప్రేమి బృందం 2012లో ఎవరెస్టు, 2019లో కాంచన్‌జంగ ఎక్కింది. యూత్ హాస్టల్స్ అసోసియేషన్ హిమాచల్‌లో నడిపే సార్ పాస్ లాంటి ట్రెక్కుల్లో క్యాంపు లీడర్లు వాలంటీర్లే. తెలుగువాళ్లు చాలామందికి మంచు మొదటిసారి తగిలింది అక్కడే. ఆ పద్ధతిలో ఒక తెలివి ఉంది. బ్యాచ్‌లు ఒక క్యాంపు నుంచి ఇంకో క్యాంపుకు స్థానిక గైడ్ల వెంట కదులుతుంటాయి, క్యాంపు లీడర్ ఉన్నచోటే ఉంటాడు. శిఖరం చేరాలన్న తొందర అతనికి ఉండదు.

డార్జిలింగ్‌లో 1954లో, ఉత్తరకాశీలో 1965లో పెట్టిన సంస్థలు నెల రోజుల్లోపు బేసిక్ కోర్సు చెబుతాయి. భువనగిరి బండ మీద మొదలుపెట్టి మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు చేరుకున్నాక తెలుగు కుర్రాళ్లకు ఆ కోర్సుల మీద మోజు పెరిగింది. అయితే బేసిక్ కోర్సు ప్రధానంగా నేర్పేది తాను ఎక్కడం. అది పూర్తిచేసి వచ్చినవాడు మర్నాడే వాట్సాప్ గ్రూపు పెట్టి ఇరవై మందిని తీసుకెళ్తే, “నువ్వు నడిపించగలవా?” అని అడిగే పరీక్షకుడు లేడు. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో అడవి మంటల్లో చిక్కుకుని ఇరవై మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయాక గానీ, ఆ రాష్ట్రం ట్రెక్కింగ్‌కు ప్రత్యేక నిబంధనలు తేలేదు. అనుమతులు, రుసుములు వచ్చాయి. నడిపించే మనిషిని తయారుచేయడం మాత్రం అనుమతి పత్రంతో అయ్యే పని కాదు.

పైగా హైదరాబాదు, విజయవాడల నుంచి వెళ్లే లీడర్‌కు హుడ్ లీడర్‌కు లేని చిక్కు ఒకటుంది. పోర్ట్‌లాండ్ నుంచి టింబర్‌లైన్ లాడ్జికి కారులో రెండు గంటలు కూడా పట్టదు. వాతావరణం బాగాలేకపోతే వచ్చే శనివారం ఉంది. ఇక్కడ ఏడాదికోసారి లీవులు కూడబెట్టి, మూడు నెలల ముందు రైలు టికెట్లు తీసుకుని, మనాలి దాకా రెండు రోజులు ప్రయాణం చేసి వెళ్లిన గుంపును నాలుగున్నర వేల మీటర్ల దగ్గర నిలబెట్టి “పదండి, దిగిపోదాం” అనాలి. ఏ ఫీజూ తీసుకోని లీడర్ మీద కూడా ఆ టికెట్ల బరువంతా పడుతుంది. దీనికి ఉన్న విరుగుడు ఖరీదైనది, కానీ తేలికది. తిరుగు టికెట్టుకు ముందు రెండు రోజులు ఖాళీగా ఉంచడం. బడ్జెట్ వేసేటప్పుడు అందరూ మొదట కొట్టేసేది ఆ రెండు రోజులనే. తెలిసిన లీడర్లు వాటి దగ్గర మాత్రం బేరానికి రారు.